'మార్కులు తక్కువొచ్చాయని' అని రాయకండి సార్

ఎడిటర్ గారికి నమస్కారం.

ఇంటర్ రిజల్ట్స్ వచ్చిన మర్నాడు పొద్దున మన హైదరాబాద్ పేజీలో ఒక పిల్లాడి ఆత్మహత్య గురించి చిన్న వార్త వేశారు. సింగిల్ కాలమ్, పైన పిల్లాడి పాస్‌పోర్ట్ ఫోటో, కింద రెండు పేరాలు. హెడ్డింగ్ 'మార్కులు తక్కువొచ్చాయని' అని మొదలైంది. మీరొక్కరే కాదు, మా అపార్ట్‌మెంట్‌లో మిగతా వాళ్లు వేయించుకునే పేపర్లు కూడా అడిగి తీసుకుని చూశాను, అందరూ దాదాపు అదే మాట రాశారు. మా అబ్బాయికి టిఫిన్ తింటూ పేపర్ చదివే అలవాటు, అందుకే ఆ పేజీ మడిచి ఫ్రిడ్జ్ మీద పెట్టేశాను, వాడు అడిగితే ఇచ్చేదాన్నే, అడగలేదు, కానీ చేతిలో ఇడ్లీ ప్లేట్ పట్టుకుని ఒక్కసారి ఫ్రిడ్జ్ వైపు చూశాడు, నాకు అర్థమైంది వాడు ఫోన్‌లో ముందే చూసేశాడని.

నేను రాసేది ఆ ఒక్క మాట గురించే సార్. 'తక్కువొచ్చాయని', 'నాన్న తిట్టాడని', 'ఫోన్ కొనివ్వలేదని', 'ఒక్క సబ్జెక్టులో పోయిందని'. మన తెలుగులో చివర 'అని' తగిలిస్తే చాలు, కారణం తేలిపోయినట్టే ఉంటుంది, ఇక ఎవరూ ఆలోచించక్కర్లేదు. చదివే తల్లిదండ్రులు ఏమనుకుంటారు? మా వాడికి 900 పైన వస్తున్నాయి, మాకేం భయం లేదు అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. మా వాడు జీవితంలో ఒక్క పరీక్ష కూడా ఫెయిల్ అవ్వలేదు, టెన్త్‌లో 10 జీపీఏ. అయినా 2022 దసరా సెలవుల్లో మేము వాడిని పోగొట్టుకోవడానికి ఎంత దగ్గరకి వెళ్లామో తల్చుకుంటే ఇప్పటికీ చేతులు చల్లబడతాయి.

మాది చైతన్యపురి. మా ఆయనకి ఎలక్ట్రికల్ షాపు, నేను ఇంట్లోనే ఏడు, ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకి మ్యాథ్స్ ట్యూషన్ చెప్తాను, పద్దెనిమిదేళ్లుగా చెప్తున్నాను, అంటే పిల్లల మొహాలు చదవడం నాకు వచ్చనే అనుకునేదాన్ని. ఆ జూన్ ఆఖర్లో టెన్త్ రిజల్ట్స్ వచ్చాయి, జులైలో ఎంపీసీలో చేర్చాం, ఊరి బయట హాస్టల్ ఉన్న కాలేజీ, పేరు రాయను. వారం వారం టెస్టు, టెస్టు ర్యాంకుని బట్టి సెక్షన్, సెక్షన్ మారితే రూమ్ కూడా మారేది. వాడు మొదటి సెక్షన్‌లో చేరి సెప్టెంబర్‌కల్లా మూడో దాంట్లోకి వచ్చాడు. ఫోన్‌లో అడిగితే 'బానే ఉందమ్మా' అనేవాడు. వార్డెన్‌ని అడిగితే 'అడ్జస్ట్ అవుతాడు మేడమ్, మొదట్లో అందరూ ఇంతే' అన్నారు.

దసరాకి ఇంటికొచ్చాడు. మనిషి చిక్కాడు, సరే హాస్టల్ తిండి అనుకున్నాం. రాత్రి మూడింటి దాకా లైటు వెలుగుతోంది, సరే చదువుకుంటున్నాడు అనుకున్నాం. సద్దుల బతుకమ్మ రోజు కింద అంతమంది ఆడుతుంటే, వాడి ఫ్రెండ్స్ పైకొచ్చి పిలిస్తే, తలుపు తీయకుండా 'తలనొప్పి' అన్నాడు. వాళ్ల నాన్న ఏదో అడిగితే గట్టిగా కసిరాడు, ఎప్పుడూ లేనిది. మా ఆయన నాతో 'హాస్టల్‌కి పోయినంక పొగరు ఎక్కువైంది వీనికి' అన్నాడు. డిప్రెషన్ అంటే ఏడుస్తూ మూల కూర్చోవడం అని మేము అనుకునేవాళ్లం, ఆ వయసు పిల్లల్లో అది చిరాకుగా, కోపంగా కూడా బయటకొస్తుందని ఆ తర్వాత డాక్టర్ చెప్తే గానీ తెలీలేదు. ఎన్ని ఇళ్లల్లో ఎంతమంది పిల్లలు ఆ టైమ్‌లో 'పొగరు' అనిపించుకుని దెబ్బలు తింటున్నారో.

పండగ అయిన మర్నాడు వాడి బ్యాగ్‌లో మాసిన బట్టలు తీస్తుంటే రఫ్ బుక్ కింద పడింది. చివరి పేజీ. ఫిజిక్స్ లెక్కలేమో అనుకున్నా, కాదు. కాలేజీ ఫీజు, హాస్టల్, బుక్స్, యూనిఫామ్, ఔటింగ్‌కి మేము పంపిన డబ్బులు, ఆగస్టులో జ్వరం వస్తే హాస్పిటల్‌కి అయిన 2,300, చివరికి దోమల బ్యాట్ 350 కూడా, అన్నీ నీట్‌గా ఒకదాని కింద ఒకటి రాసి కూడాడు. పక్కన నాన్న షాపులో నెలకి ఎంత మిగులుతుందో వాడికి తెలిసినంతలో వేసుకుని భాగించాడు, ఎన్ని నెలలో తీశాడు. లెక్క కరెక్టే, నేను కూడా సరిచూశాను, ఆ క్షణంలో అదెందుకు చేశానో నాకే తెలీదు, ట్యూషన్ టీచర్ అలవాటు కాబోలు. దాని కింద గీత కొట్టి 'దీనికి నేను వర్త్ కాదు' అని రాసి ఉంది.

సార్, మార్కుల గురించి ఆ పేజీలో ఒక్క ముక్క లేదు.

నేను వంటింట్లో ఉంటే నీళ్ల కోసం వచ్చాడు. ఆ పుస్తకం చూశానని చెప్పలేదు ముందు. వాడే ఫ్రిడ్జ్ తలుపు పట్టుకుని నిలబడి 'నన్ను గవర్నమెంట్ కాలేజీలో వేస్తే మీకు పైసలన్నా మిగిలేవి గదమ్మా' అన్నాడు. ఎప్పుడైనా అయితే 'పిచ్చి మాటలు మాట్లాడకు, నీ కోసం కాకపోతే ఎవరి కోసంరా మేము కష్టపడేది' అని ఉండేదాన్ని, నిజానికి ఆ మాట నోటి దాకా వచ్చింది కూడా. ఆ రఫ్ బుక్ చూసి ఉండటం వల్ల ఆగాను. గ్యాస్ కట్టేసి అడిగాను, 'చచ్చిపోవాలని అనిపిస్తుందా నాన్నా?' అని. వాడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత 'రోజూ అనిపిస్తుందమ్మా' అన్నాడు. అని, బాటిల్ కింద పెట్టి, చిన్నప్పుడు పడిపోయి వచ్చినప్పుడు ఏడ్చేవాడే, అలా ఏడ్చాడు. ఆ రాత్రి వాళ్ల నాన్న, నేను వాడి పక్కనే చాప వేసుకుని పడుకున్నాం. ఏమీ ఉపన్యాసాలివ్వలేదు, మాకూ మాటలు రాలేదు.

హాస్పిటల్‌కి తీసుకెళ్లడానికి మా ఆయన ముందు వెనకాడాడు, ఆయన తప్పేం లేదు. మన హైదరాబాద్‌లో 'ఎర్రగడ్డ' అంటే ఒక ఊరి పేరు కాదు కదా, తిట్టు. చిన్నప్పటి నుంచి 'నిన్ను ఎర్రగడ్డలో వేయాలిరా' అని ఒకరినొకరు అనుకుంటూ పెరిగినవాళ్లం, అక్కడున్నది ప్రభుత్వ మానసిక వైద్యశాల అనీ, మామూలు జనం ఓపీ చీటీ రాయించుకుని డాక్టర్‌ని చూసుకుని ఇంటికి వచ్చేస్తారనీ ఆలోచనే రాదు. చివరికి తెలిసినవాళ్ల ద్వారా వేరే చోట ఒక సైకియాట్రిస్ట్ దగ్గరకి వెళ్లాం, ఆవిడ ఒక సైకాలజిస్ట్ దగ్గరకి కూడా పంపారు. ఇంకో సంగతి, వాడి కాలేజీ తిరిగి తెరిచింది అక్టోబర్ 10న. మనసు బాలేనివాళ్లు ఫోన్ చేసి మాట్లాడుకోవడానికి కేంద్ర ప్రభుత్వం టెలి మానస్ అనే ఫోన్ లైన్ 14416 మొదలుపెట్టింది సరిగ్గా అదే రోజు, 2022 అక్టోబర్ 10. మాకు అప్పుడు తెలీదు. తెలిసి ఉంటే ఆ తర్వాతి రాత్రులు ఎవరికి ఫోన్ చేయాలో తెలీక అంత అల్లాడేవాళ్లం కాదు.

అక్కడ మాకు చెప్పినవి, తర్వాత నేను పట్టుబట్టి చదివి తెలుసుకున్నవి కొన్ని రాస్తాను, ఎందుకంటే ఇవి పేపర్‌లో రావాల్సిన మాటలు, 'మార్కులు తక్కువొచ్చాయని' బదులు.

మొదటిది ఆ రఫ్ బుక్ లెక్కే. థామస్ జాయినర్ అని అమెరికా సైకాలజిస్ట్, 2005లో ఆయనొక సిద్ధాంతం చెప్పాడు, చావాలన్న కోరిక ఎక్కువగా రెండు ఆలోచనలు కలిసినప్పుడు గట్టిపడుతుందని. ఒకటి 'నేను వీళ్లకి భారం, నేను లేకపోతేనే వీళ్లకి బాగుంటుంది' అనుకోవడం. రెండోది 'నేను ఎవరికీ చెందను, నాకంటూ ఎవరూ లేరు' అనిపించడం. ఇది చదివినప్పుడు నేను పుస్తకం మూసేసి కూర్చున్నాను. ఎందుకంటే ఆ భారం అనే మాటని ఇంట్లో రోజూ మేమే మోగించాం, ప్రేమతోనే. 'నీ కోసం బంగారం కుదువ పెట్టాం', 'నాన్న పండక్కి కూడా షర్ట్ కొనుక్కోలేదు చూడు', 'నువ్వు సెటిల్ అయితే మా కష్టం తీరినట్టే'. మేము అనుకున్నాం ఇవి వింటే కసిగా చదువుతాడని. మనసు బాగున్న రోజుల్లో పిల్లలు అలాగే వింటారేమో కూడా. మనసు కుంగినప్పుడు అదే మాట అప్పు చీటీలా వినపడుతుంది. ఇక రెండోది, నాకంటూ ఎవరూ లేరు అనేది, వారం వారం రూమ్ మారిపోయే పిల్లాడికి ఎలా వస్తుందో వేరే చెప్పాలా. పక్క మంచం వాడితో కాస్త స్నేహం కుదిరేలోపు సెక్షన్ మారిపోయేది. మార్కుల వల్ల పోయింది ర్యాంకు అనుకున్నాం, పోయింది ఫ్రెండ్స్.

తర్వాత ఆశ లేకపోవడం. ఆరన్ బెక్ అనే పెద్ద సైకియాట్రిస్ట్ దీని మీదే ఏళ్ల తరబడి పనిచేశాడు, 1974లో దీన్ని కొలవడానికి ప్రశ్నల పట్టిక కూడా తయారుచేశాడు. ఎంత బాధపడుతున్నారు అన్నదానితో పాటు ముందు ఏమైనా బాగుంటుందన్న నమ్మకం ఎంత మిగిలింది అనేది కూడా తప్పక చూడాలంటారు. పెద్దవాళ్లం మనకి 'ఇది కూడా పోతుందిలే' అని అనుభవం ఉంటుంది, నలభై ఏళ్లలో ఎన్ని చూసి ఉంటాం. పదహారేళ్ల వాడికి ఇలా కుంగడం అదే మొదటిసారి, ఇంతకుముందు కుంగి లేచిన జ్ఞాపకం ఒక్కటి కూడా ఉండదు వాడి దగ్గర. వాడు అబద్ధం చెప్పట్లేదు, నిజంగానే ముందు ఏమీ కనపడదు. మా వాడి మాటల్లో అప్పటికే 'వచ్చే ఏడు' అనే మాట పోయిందని నేను చాలా లేటుగా గమనించాను. ముందు ఎప్పుడూ వరల్డ్ కప్ వచ్చే ఏడు ఇండియాలోనే, ఉప్పల్ స్టేడియంలో మ్యాచ్ పడితే పోదాం అనేవాడు. ఆ సెలవుల్లో ఒక్కసారి కూడా అనలేదు.

ఇరుక్కుపోయినట్టు అనిపించడం ఇంకొకటి. రోరీ ఓ'కానర్ అని స్కాట్లాండ్‌లో పనిచేసే ప్రొఫెసర్ దీని గురించి బాగా చెప్పాడు, ఓడిపోయాను అనే భావన, పైగా అందులోంచి బయటపడే దారి లేదు అనే భావన, ఈ రెండూ కలిస్తే చావు గురించిన ఆలోచనలు పుడతాయని. ఓటమి ఒక్కటే అయితే మనిషి తట్టుకుంటాడు, తలుపు ఎక్కడో తెరిచి ఉందంటే. మన పిల్లలకి ఏ తలుపు ఉంచాం? కట్టిన ఫీజు వెనక్కి రాదు, మధ్యలో గ్రూప్ మారడానికి లేదు, బంధువులందరికీ 'మా వాడు ఐఐటీకి ప్రిపేర్ అవుతున్నాడు' అని చెప్పేశాం. ఆ 'చెప్పేశాం' అన్నది కూడా పిల్లాడికి గోడే.

ఇంకా ఉన్నాయి. ఒకే తప్పుని రాత్రంతా తిప్పి తిప్పి తలుచుకోవడం, గ్రైండర్‌లో పిండి లేకపోయినా రాయి తిరుగుతూనే ఉన్నట్టు. నిద్ర పట్టకపోవడం, దీన్ని మన దగ్గర చదువు శ్రద్ధగా లెక్కేస్తారు గానీ డాక్టర్లు ప్రమాద సూచనగా చూస్తారు, నిద్రలేని మెదడు ఏ సమస్యకీ రెండో దారి వెతకలేదు. అంతా పర్ఫెక్ట్‌గా ఉండాలి, లేకపోతే ఎవరూ నన్ను లెక్కచేయరు అనుకోవడం, ఇది ఫస్ట్ ర్యాంక్ పిల్లల్లో కూడా కనపడుతుంది, అందుకే 'బాగా చదివే పిల్లాడు, ఎందుకిలా చేశాడో' అని టీచర్లు ఆశ్చర్యపోతుంటారు. ఆవేశంగా నిర్ణయం తీసుకోవడం, ఆ వయసుకి మెదడులో బ్రేకులు ఇంకా పూర్తిగా తయారవ్వవు. అంతకుముందు ఎప్పుడైనా ప్రయత్నం చేసి ఉంటే, లేదా తమని తాము గాయపరుచుకుంటూ ఉంటే ఇంకా ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి, 'బెదిరిస్తున్నాడు', 'డ్రామా' అనే మాటలు అస్సలు అనకూడదు. ఆడపిల్లల విషయంలో రంగు, లావు, ఎవడో ఫోటో పెట్టి బెదిరించడం, ఇంట్లో తెలిస్తే చంపేస్తారన్న భయం, ఇవి వేరే ఉత్తరం అవుతాయి. నా ట్యూషన్‌లోనే చూశాను.

ఒక మాట స్పష్టంగా రాయాలి, లేకపోతే ఇది చదివి భయపడే తల్లులు ఉంటారు. ఈ ఆలోచనలు వచ్చిన పిల్లలందరూ ఏదో చేసుకుంటారని కాదు. చాలామంది బయటపడతారు. ఆ ఉధృతి అలలాగా వస్తుంది, పైకి లేస్తుంది, తగ్గుతుంది, ఆ పైన ఉన్న కాసేపు పక్కన మనిషి ఉండటం, ప్రమాదకరమైనవేవీ చేతికి అందకుండా ఉండటం, ఈ రెండే ప్రాణం నిలబెడతాయి చాలాసార్లు. మాకు సైకాలజిస్ట్ ఒక కాగితం మీద వాడి చేతే రాయించారు, మనసు పాడవుతోందని వాడికి ఎలా తెలుస్తుంది, అప్పుడు వాడు ఒంటరిగా ఏం చేయగలడు, ఎవరి దగ్గరకి వెళ్లి కూర్చోగలడు, ఎవరికి ఫోన్ చేయాలి. అందులో రెండో పేరు మాది కాదు, కింద ఫ్లోర్ అంకుల్‌ది, ఆయనతో చెస్ ఆడతాడు. మొదట నాకు కొంచెం బాధేసింది. తర్వాత ఆయనకి వెళ్లి దండం పెట్టాను.

'చచ్చిపోవాలనిపిస్తుందా' అని పిల్లల్ని అడిగితే గుర్తు చేసినట్టవుతుందేమో అని అందరూ నన్ను అడుగుతారు. నాకూ ఆ భయం ఉండేది. 2005లో వచ్చిన ఒక అమెరికా పరిశోధనలో న్యూయార్క్ రాష్ట్రంలో ఆరు హైస్కూళ్లలో 2,342 మంది పిల్లల మీద దీన్ని పరీక్షించి చూశారు, ఆత్మహత్య ఆలోచనల గురించి సూటిగా అడిగిన పిల్లల్లో, అడగని పిల్లలకంటే, దిగులు గానీ ఆ ఆలోచనలు గానీ పెరగలేదు. డిప్రెషన్ లక్షణాలున్న పిల్లలకి, అంతకుముందు ప్రయత్నం చేసి ఉన్న పిల్లలకి అడగడం వల్ల ఇంకా కొంచెం బరువు దిగినట్టే కనపడింది. అడగాలి సార్. పాయింట్‌కి రావాలి. 'నువ్వు అలాంటి పిచ్చి పనులు చేయవు కదా' అని అడిగితే అది ప్రశ్న కాదు, నోరు మూసుకోమని చెప్పడం.

మన దగ్గర ఇంటర్ అంటే 2019 ఏప్రిల్ ఎవరం మర్చిపోతాం. రిజల్ట్స్ తర్వాత 20 మందికి పైగా పిల్లలు పోయారు. మార్కుల్లో తప్పులు దొర్లాయి, తెలుగులో సున్నా వేసిన ఒక అమ్మాయికి మళ్లీ చూస్తే 99 వచ్చాయి. తప్పు ఆ మార్కులు వేసిన వాళ్లదీ, ఆ వ్యవస్థదీ, దాన్ని పిల్లల బలహీనత మీదకి నెట్టడానికి నేను ఇదంతా రాయట్లేదు. కానీ ఆ రోజు లక్షల మంది పిల్లలు అదే స్క్రీన్ చూశారు, ఏడ్చారు, ఇంట్లో తిట్లు తిన్నారు, మళ్లీ లేచారు. కొందరికి మాత్రం ఆ నంబర్‌కీ 'నేను' అనే దానికీ మధ్య కాగితమంత ఎడం కూడా లేకుండా పోయి ఉంది, అప్పటికే నెలల తరబడి. ఆ నెలలు వార్తలో రావు. ఎన్‌సీఆర్‌బీ, అంటే కేంద్ర ప్రభుత్వ నేర గణాంకాల సంస్థ, లెక్క ప్రకారం 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు, అంటే రోజుకి ముప్పై అయిదు మంది పైనే. అంతమందికీ ఒక్కొక్క 'అని' సరిపోతుందా?

సుప్రీంకోర్టు 2025 జులై 25న ఒక తీర్పు ఇచ్చింది, విశాఖపట్నంలో నీట్‌కి చదువుతూ చనిపోయిన ఒక అమ్మాయి కేసులో. 15 మార్గదర్శకాలు పెట్టింది. 100 మంది, అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న చోట కనీసం ఒక అర్హత ఉన్న కౌన్సెలర్ లేదా సైకాలజిస్ట్ ఉండాలంది, మార్కులను బట్టి పిల్లల్ని బ్యాచ్‌లుగా విడగొట్టొద్దు, అందరి ముందు అవమానించొద్దు, వాళ్ల శక్తికి మించిన టార్గెట్లు పెట్టొద్దు అంది. మీ రిపోర్టర్లని దిల్‌సుఖ్‌నగర్ నుంచి కూకట్‌పల్లి దాకా ఒక్కసారి పంపించండి సార్, ఎన్ని కాలేజీల్లో కౌన్సెలర్ అనే మనిషి ఉన్నారో, ఆ మనిషి పిల్లలతో ఒంటరిగా మాట్లాడే గది ఉందో లేదో చూసి రాయించండి. కొన్ని చోట్ల కౌన్సెలర్ అంటే ఎవరో నాకు తెలుసు, ఫీజు కట్టని వాళ్లకి ఫోన్ చేసే ఆవిడే. మన ఊళ్లో కౌన్సెలింగ్ అనే మాటకే ఆ అర్థం పోయింది, ఒకటి సీట్ల కౌన్సెలింగ్, రెండు పోలీసుల కౌన్సెలింగ్. పిల్లాడికి 'కౌన్సెలింగ్‌కి రా' అంటే తిట్లు తినడానికి పిలిచారని వణికిపోతాడు. మా వాడిని కాలేజీలో అలాగే పిలిచారంట, ఆగస్టులో, ర్యాంకు పడిపోయినందుకు, ముగ్గురు లెక్చరర్లు కూర్చుని 'మీ నాన్న డబ్బులు ఎందుకు వేస్ట్ చేస్తున్నావ్' అని అడిగారంట. రఫ్ బుక్‌లో ఆ లెక్క మొదలైంది ఆ రోజే.

ఇప్పుడు మీతో నా పని. ప్రెస్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2019 సెప్టెంబర్‌లోనే చెప్పింది, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనలు తీసుకుని, ఇలాంటి వార్తలు ప్రముఖంగా వేయొద్దని, ఎలా చేసుకున్నారో రాయొద్దని, ఎక్కడో వివరంగా చెప్పొద్దని, ఫోటోలు వద్దని, సంచలనం చేసే హెడ్డింగులు వద్దని. చేసుకున్న పద్ధతిని మన వార్తల్లో మొదటి వాక్యంలోనే రాస్తారు. పైగా 'తనువు చాలించాడు', 'అనంత లోకాలకు' అని కవిత్వం. బాధలో ఉన్న పిల్లాడికి ఆ మాటలు ఎంత అందంగా, ఎంత ప్రశాంతంగా వినపడతాయో ఒక్కసారి ఆలోచించండి సార్. చనిపోయాడు అని రాయండి, చాలు. 'అని' తీసేయండి. పోలీసులు చెప్పిన కారణం పోలీసులు చెప్పారనే రాయండి, కింద ఒక్క వాక్యం, ఇలాంటి వాటికి ఒక్క కారణం ఉండదు అని, దాని కింద 14416, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, డబ్బులక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు అని. రిజల్ట్స్ రోజు ర్యాంకర్ల ఫోటోలతో ఫుల్ పేజీ యాడ్లు వస్తాయి కదా, ఆ పేజీలోనే ఒక మూల ఆ నంబర్ వేయండి, ఆ రోజు పిల్లలు చూసేది ఆ పేజీనే.

ఇంకొకటి కూడా అడుగుతాను. ఆస్ట్రియాలో పేపర్లలో వచ్చిన ఆత్మహత్య వార్తలు తీసి చూసిన పరిశోధన ఒకటి 2010లో వచ్చింది, ఆత్మహత్య ఆలోచన వచ్చి కూడా దాన్ని దాటి వచ్చిన మనుషుల కథలు వచ్చిన తర్వాత మరణాలు కొంత తగ్గాయని అందులో కనపడింది. మన పేపర్లలో పోయిన పిల్లలే ఉంటారు, మిగిలిన పిల్లలు ఎక్కడా ఉండరు. వాళ్లు వేలల్లో ఉన్నారు సార్, సిటీ బస్సుల్లో, కాలేజీ క్యాంటీన్లలో. వాళ్లు ఇష్టపడితే పేర్లు లేకుండానే రాయించండి.

మా వాడి సంగతి అడుగుతారేమో. హాస్టల్ మాన్పించాం, ఫీజు వెనక్కి రాలేదు, పోతే పోయింది. ఇంటి దగ్గర కాలేజీలో డే స్కాలర్‌గా చేర్చాం. ఎనిమిది నెలలు మందులు వాడాడు, డాక్టర్ చెప్పినట్టే మెల్లగా తగ్గించారు. సైకాలజిస్ట్ దగ్గరకి మొదట్లో వారానికోసారి, తర్వాత నెలకోసారి. మేమిద్దరం కూడా వెళ్లి కూర్చున్నాం కొన్నిసార్లు, మా ఆయన అక్కడ మొదటిసారి వాడితో 'నీ మీద పెట్టింది ఖర్చు కాదురా' అన్నాడు, ఆ తర్వాత ఏం చెప్పాలో తెలీక వాడి భుజం మీద చెయ్యి అలాగే పెట్టుకుని కూర్చున్నాడు. ఇప్పుడు డిగ్రీ రెండో సంవత్సరం, బీకాం. ఈ ఉత్తరం పంపే ముందు వాడికి చదవమని ఇచ్చాను, వాడు సరే అంటేనే పంపుతానన్నాను. 'ఇప్పుడు అంతా బాగుంది' అని నేను చివర్లో రాస్తే ఆ వాక్యం కొట్టేశాడు. అలా రాస్తే బాలేని రోజు వచ్చిన పిల్లలు మళ్లీ తమదే తప్పనుకుంటారు అన్నాడు. నిజమే, వాడికి ఇప్పటికీ కొన్ని రాత్రులు నిద్ర పట్టదు. వంటింట్లోకి వచ్చి 'అమ్మా, ఇయ్యాల మంచిగలేదు' అంటాడు. నేను టీ పెడతాను. ఒక్కోసారి గంట కూర్చుంటాం, ఒక్కోసారి పది నిమిషాలకే వెళ్లి పడుకుంటాడు.

ఈ జూన్‌లో మా చెల్లెలి కొడుకు ఇంటర్‌లో చేరుతున్నాడు, వాడికీ హాస్టలే. కాలేజీ చూడటానికి వెళ్లినప్పుడు మా వాడు కూడా వస్తానని వచ్చాడు. ఫీజు గురించి మేము మాట్లాడుతుంటే, వాడు ఆఫీస్‌లో ఉన్నాయనని అడిగాడు, 'కౌన్సెలర్ ఏ రోజు ఉంటారు సార్, రూమ్ చూపిస్తారా' అని. ఆయన రేపు కనుక్కుని చెప్తానన్నాడు. మా వాడు నంబర్ తీసుకుని మర్నాడు పదింటికి ఫోన్ చేశాడు, మళ్లీ సాయంత్రం చేశాడు.

మా పేర్లు వేయకండి.

ఇట్లు,
ఒక తల్లి,
చైతన్యపురి, హైదరాబాద్.